రెండుసార్లు చెప్పించుకునేవాడు

పాశమైలారం ఫ్యాక్టరీల్లో ఏ మోటారు మూలిగినా ఇంజనీర్లకంటే ముందు నాకే కబురు వచ్చేది. మోటారు ఒంటికి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, ఏ బేరింగు అరిగిందో, ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పేసేవాణ్ణి. ఒకసారైతే ఫోన్‌లో చప్పుడు విని రోగం చెప్పాను.

బీరంగూడలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి వినని వాళ్లు లేరు. రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక ఆనవాలు ఉండాలి కదా. పైవాళ్ల మిక్సీ, కిందివాళ్ల కూలరు, ఏది గోల పెట్టినా నన్నే పిలిచేవారు. నా పేరు ఎవరికీ తెలియదు. అందరికీ స్క్రూడ్రైవర్ అంకుల్‌ని.

నా పద్ధతి కూడా వాళ్లకి తెలుసు. ఎవరైనా వచ్చి మాట చెబితే వెంటనే బదులివ్వను. మెడ కుడిపక్కకి తిప్పి, ఎడమ చెవి ముందుకు పెట్టి, "ఆఁ? ఏందన్నవ్?" అంటాను. రెండోసారి చెప్పించుకుని, కాసేపు ఆగి, రెండు ముక్కల్లో తేల్చేస్తాను. తణుకు పక్కన పుట్టినవాడికి ఈ "ఏందన్నవ్" ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

మొన్న వేసవిలో రెండో అంతస్తులోకి ఒకాయన దిగాడు. వాచ్‌మన్ పనిగట్టుకుని వచ్చి చెప్పాడు.

"సార్, కొత్తగ వచ్చిన పెద్దసారు అచ్చం మీ లెక్కనే ఉన్నడు. గట్లనే మెడ తిప్పుతడు, గట్లనే రెండుసార్లు అడుగుతడు. మిమ్మల్ని సూసి నేర్చుకున్నడో ఏమో."

"నేర్చుకోనీ," అన్నాను, పెద్దమనసు చేసుకుని.

మెట్ల దగ్గర ఆయన్ని చూడగానే గుర్తుపట్టాను. పాతికేళ్లు నాతో ఒకే షెడ్డులో పనిచేసినవాడు. పోతిరెడ్డిపల్లిలో నిక్షేపంలాంటి సొంతిల్లుంది, అక్కడే ఉండొచ్చుగా. కూతురింటికి దగ్గరగా ఉంటుందని వచ్చాడట. "తమ్మీ, నువ్వు ఈడనే ఉన్నవా," అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత బరువో నాకే తెలుసు.

ఇక నిజం చెప్పాలి. కబురు వచ్చేది ఆయనకి. ఆయన సెలవు పెట్టిన రోజున మాత్రం నాకు. పాశమైలారం మొత్తం కాదు, మా ఒక్క షెడ్డు. ఫోన్‌లో విని రోగం చెప్పిందీ ఆయనే. ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడింది నేను.

పెళ్లయిన ఏడాదికి ఇక్కడికొచ్చి హెల్పరుగా చేరాను. చేరిన రోజే మేనేజరు పరుగున వచ్చి ఆయనకేదో చెప్పాడు. ఆయన మోటారు మీంచి లేవకుండానే మెడ తిప్పి, "ఆఁ? ఏందన్నవ్ సార్?" అన్నాడు. అంతటి మేనేజరూ గొంతు సర్దుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నేనైతే మేనేజరు మాట సగం వినగానే "అలాగే సార్" అని పరిగెత్తే రకం. బతికితే ఇలా బతకాలి అనుకున్నాను. ఆ పూట అన్నం సహించలేదు.

ఆ రోజునుంచి ఆయన్ని కళ్లతో తినేశాను. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టడం మెకానిక్కులందరూ చేసేదే. కానీ ఎడమ చెవే కావాలి, కళ్లు మూయాలి, మెడ అంతే తిరగాలి. ఆయన యాస కూడా పట్టేశాను. మా ఊరెళితే తెలంగాణవాడినయ్యానని నవ్వారు, లోపల సంబరపడ్డాను. పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన మెడ కనిపించేది. అది చూసినా మళ్లీ కుళ్లే. ఆయనకి అద్దం అక్కర్లేకుండానే వచ్చిందిగా.

ఇప్పుడు ఆ అసలు మెడ మా మెట్లెక్కి దిగుతోంది. వారం తిరక్కుండానే మిక్సీలు రెండో అంతస్తు దారి పట్టాయి. గేటు దగ్గర వాచ్‌మన్ తన కుర్చీ ఆయనకి వేశాడు. నాలుగేళ్లుగా నేను అక్కడ నిలబడే మాట్లాడుతున్నాను. ఇక ఆగలేక, అసోసియేషన్ సెక్రటరీతో, "పాపం, నా దగ్గరే పని నేర్చుకున్నాడు," అనేశాను. అన్నాక భయం పట్టుకుంది. ఆయన ఒక్కసారి నోరు విప్పితే స్క్రూడ్రైవర్ అంకుల్ అనేవాడు ఇక లేనట్టే.

ఒక ఆదివారం పొద్దున సంపు మోటారు భోరుమంది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను, ఆయనకంటే ముందుండాలని. స్క్రూడ్రైవర్ పెట్టి, కళ్లు మూసి, "బేరింగ్ పోయింది," అన్నాను. అందరూ తలలాడించారు.

ఆయన నిదానంగా వచ్చాడు, ఖాళీ చేతులతో. మోటారు మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత కింద దిమ్మె మీద పెట్టాడు. వంగి ఒక బోల్టుని వేళ్లతోనే తిప్పి చూపించాడు. వాచ్‌మన్ పానా తెచ్చి బిగిస్తే చప్పుడు ఆగిపోయింది.

సెక్రటరీ ముచ్చటపడి ఆయన్ని అడిగాడు. "మీరు ఈయన దగ్గరే పని నేర్చుకున్నారట కదండీ?"

"ఆఁ? ఏందన్నవ్?"

సెక్రటరీ మళ్లీ అడిగాడు. రెండుసార్లూ నేను విన్నాను. ఆయన నన్ను చూశాడు. "గట్లనే అనుకోండ్రి," అన్నాడు.

బయటపెట్టేసినా ఇంత మండేది కాదు. ఆ మంచితనం కూడా ఆయనకే ఉండాలా?

అందరూ వెళ్లాక అడిగాను. "అన్నా, స్క్రూడ్రైవర్ తేలేదేం?"

"ఏం లాభం తమ్మీ. కుడి చెవు చిన్నప్పుడే పాయె. నౌకరీ పోతదని ఎవ్వరికి చెప్పలే, ఒక్క చెవుతోటే ఎల్లదీసిన. ఇప్పుడు అది గూడ తగ్గింది, ఇగ చేతులే దిక్కు. గప్పుడు మేనేజరు అన్నది వినబడక మల్ల అడుగుతుంటి. ఎప్పుడు దొరికిపోతనో అని గుండె దడదడ." ఆగి, నా మెడ వంక చూశాడు. "నీకు మంచిగనే వినబడతది గద. మరి నువ్వెందుకు అడుగుతవ్?"

నేను రెండోసారి అడగలేదు.

ఇంటికొచ్చి, వంటగదిలో బీరకాయలు తరుగుతున్న మా ఆవిడ దగ్గర కూలబడ్డాను. "నాదంటూ ఏమీ లేదే. యాస ఆయనది, మెడ ఆయనది. ఆఖరికి మాట రెండుసార్లు చెప్పించుకోవడం కూడా ఆయన చెవుడుని చూసి నేర్చుకున్నదే," అన్నాను. ఊరుకోండి అంటుందని చూశాను.

తలెత్తకుండా ఏదో అంది.

"ఆఁ? ఏందన్నవ్?" అన్నాను, అలవాటు చొప్పున.

"అది మాత్రం ఆయన మీదికి తొయ్యకండి, అంటున్నా. పెళ్లయిన వారానికే మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, అల్లుడుగారికి చెవుడేమో కాస్త కనుక్కోమంది. అప్పటికి మీరు ఈ ఊరి మొహమే చూడలేదు."