బావి దగ్గరి వంతు రాళ్లు

అనంతపురంలో నేను డిగ్రీ చదివిన రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మాకు ఇంగ్లీషులో ఒక నవల పాఠంగా ఉండేది. మనుషుల్లేని దీవిలో చిక్కుకున్న పిల్లల కథ. మొదట్లో వాళ్లు ఒక శంఖం పెట్టుకుంటారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. పోనుపోను ఆ కట్టుబాటు పోతుంది, ప్రాణాలు పోతాయి, శంఖమూ పగులుతుంది. శంఖం నాగరికతకు ప్రతీక అని మా లెక్చరరు బోర్డు మీద రాసి కింద గీత గీశారు. ఆయనకు కనబడిందల్లా ప్రతీకే. ఆయన దగ్గితే, ఇది దేనికి ప్రతీకో అని వెనక బెంచీలో మేము నవ్వుకునేవాళ్లం.

వేసవి సెలవులకు విడపనకల్లు దగ్గరున్న మా ఊరికి వెళ్లినప్పుడు ఆ కథ అమ్మకు చెప్పాను.

"చుట్టూరా నీళ్లు పెట్టుకోని కొట్టుకు సచ్చినారా? ఏం పోయేకాలమే వాళ్లకి!" అంది అమ్మ.

ఆ ఏడు మాకు వానల్లేవు. అంతకుముందు ఏడూ అంతే. ఊరి బావిలో రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లారి తోడితే కాసేపటికే బురద తేలేది. అయినా కొట్లాటలు లేవు, ఎందుకంటే మాకు రాళ్లుండేవి. సాయంత్రం ఇంటికొక రాయి బావి గట్టున వరుసలో పెట్టి, పక్కన కడవ పెట్టి పోయేవాళ్లు. ఎవరి రాయి ఏదో ఊరందరికీ తెలుసు. మాది విరిగిన తిరగలి ముక్క. పొద్దున వంతు వచ్చేసరికి ఆ ఇంటి మనిషి లేకపోతే, అంతకుముందు వంతు ఆమె తన కడవతోపాటు ఆ కడవ కూడా నింపి పక్కన పెట్టాలి. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క.

ఈ ఏర్పాటు మీదే బతికిన మనిషి మా పక్కింటి పెద్దమ్మ. చుట్టం కాదు, పిలుపు అంతే. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక ఎర్రావు. దాన్ని ఇంట్లో మనిషిలాగే తిట్టేది, బుజ్జగించేది. చీకటితోనే కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయేది. పోతేనే గింజలు. సాయంత్రం వస్తూ బావి దగ్గర నిండి ఉన్న కడవ ఎత్తుకొచ్చేది. అందులో ఎక్కువ భాగం ఆవుకే. ఆమె వంతు రాయి కూడా ఆ ఆవు కుడితి తాగే తొట్టి పగిలినప్పటి ముక్కే.

ఒక పొద్దున వెళ్లి చూస్తే రాళ్లన్నీ ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. నాది ముందంటే నాది ముందని ఆడవాళ్లు అరుచుకున్నారు, జుట్లు పట్టుకున్నారు. ఆ రోజు కడవల్లోకి చేరిన నీళ్లకంటే నేలపాలైనవే ఎక్కువ. సాయంత్రం రచ్చకట్ట దగ్గర పెద్దలు కూర్చున్నారు.

"రాయికి నోరుండాదా ఏమప్పా, నాది ముందు అని చెప్పేకి? ఇంగ రాళ్లొద్దు. ఎవురింటి మనిషి వాళ్ల కడవకాడ నిలబడల్ల. నిలబడినోళ్లకే నీళ్లు" అన్నాడు అందులో ఒక పెద్దాయన.

అందరూ బాగుందన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. ఇంట్లో నలుగురున్న వాళ్లకు న్యాయమే. పెద్దమ్మ ఒక్కతే. బావి దగ్గర నిలబడితే పని పోతుంది, పనికి పోతే నీళ్లు పోతాయి.

మరునాడు నేను రెండు కడవలు పెట్టుకుని నిలబడ్డాను. నా వెనకామె చూసింది.

"ఆ రెండోది ఎవురిది?"

"పెద్దమ్మది."

"ఆయమ్మ ఇంటి మనిషివా నువ్వు?"

రాళ్లున్న రోజుల్లో పెద్దమ్మ కడవ ఎన్నోసార్లు నింపింది ఈమే. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే బావి దగ్గరకు వచ్చిన అమ్మ నా రెక్క పట్టుకుని పక్కకు లాగింది.

"ఊరితో పెట్టుకోగాకు. మన నీళ్లు గూడా పోతాయి" అంది.

మా అమ్మ చెడ్డది కాదు. భయపడింది. అందరూ భయపడే ఉన్నారు. ఆ రోజు నుంచి మా కడవలోంచే చెంబెడు పెద్దమ్మకు పోసేది. అది మనిషి గొంతు తడవడానికి సరిపోయేది. ఆవుకు చెంబెడు నీళ్లు ఏ మూలకు?

పెద్దమ్మ కొన్నాళ్లు పని మానేసి బావి దగ్గరే నిలబడింది. ఇంట్లో గింజలు అయిపోయాయి. మళ్లీ పనికి పోయింది. ఆవు డొక్కలు ఎండిపోయాయి. అది ఇక లేవదనిపించే లోపే పశువుల దళారి వచ్చాడు. ఆమె తన చేత్తో తాడు అందించలేదు. గుంజకు కట్టినది కట్టినట్టే వదిలేసి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆవు వీధి చివరిదాకా అరుస్తూనే పోయింది.

తర్వాత కొన్నేళ్లకు నేనూ అదే నవల పిల్లలకు పాఠం చెప్పాను. శంఖం పగిలే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ తడబడేదాన్ని. ఆ కథలో శంఖం పగిలింది కాబట్టి కట్టుబాటు పోయిందని తెలిసింది. మా రాళ్లు పగల్లేదు. బావి మూల అలాగే కుప్పగా ఉన్నాయి, ఒక్కదానికీ పెచ్చు కూడా ఊడలేదు.

ఆ సెలవుల చివర్లో, నేను అనంతపురం బయలుదేరే పొద్దున, పెద్దమ్మ బావి దగ్గరకు వచ్చింది. అప్పటికి కరువు పని ఆపేశారు. కుప్పలోంచి తన తొట్టి ముక్క వెతికి తీసి, ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఒక్కొక్కరే తోడుకుని వెళ్లిపోయారు. అడుగున ఇంకా కాసిని నీళ్లున్నాయి.

"నీ వంతొచ్చింది పెద్దమ్మా. కడవ యాడ?" అన్నాను.

"తేలేదు పాపా" అంది, రాయి మీది మట్టి కొంగుతో తుడుస్తూ. "ఇప్పుడు నిలబడేకి పొద్దుండాది నాకు. నీళ్లు ఎవురికి మోయల్ల?"