పెద్దబాపు దిగిన రోజు

మహబూబాబాద్‌లో మా కాలేజీ తెరిచి అప్పటికి కొద్ది రోజులే అయింది. హాజరు పిలుస్తుంటే బల్ల మీద ఫోను మోగింది. రఘునాథపల్లి నుంచి, మా పెద్దబాపు పక్కింట్లో ఉండే ఆమె, నేను ఖాలా అని, అంటే పిన్ని అని పిలుస్తాను. కాలేజీ వేళలో ఆమె ఎన్నడూ ఫోను చేయదు.

"బేటీ, మీ పెద్దబాపు పోయిండు. పొద్దుగాల సైకిల్‌కు గాలి కొట్టుకుంట గట్లనే పంపు మీదికి ఒరిగిండు. జల్ది రా," అంది.

కాజీపేటలో రైలు మారి నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. సైకిలు గోడకు ఆనించి ఉంది. వెనక టైరు గట్టిగా ఉంది, ముందు టైరు సగమే నిండింది. నలుగురూ ఏడుస్తుంటే నేను వెళ్లి ఆ టైరు నొక్కి చూశాను. అట్లాంటప్పుడు మనిషి బుద్ధి ఎక్కడికి పోతుందో చెప్పలేం.

పెద్దబాపు అంటే మా నాయినకు అన్న. పిల్లల్లేరు. చాలా ఏళ్లు జనగామలో సైకిల్ షాపు నడిపాడు. బక్కపలుచని మనిషి. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు, నన్ను "లెక్కల పంతులమ్మా" అని వెక్కిరించేవాడు. పంక్చరు వేసిన బండిని తనే ఒక చక్కర్ కొట్టి చూడనిదే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒక అలవాటు మాత్రం మాకు అంతుపట్టేది కాదు. సైకిల్ దిగినప్పుడల్లా వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకునేవాడు. రోజుకు పదిసార్లు దిగితే పదిసార్లూ అంతే. భక్తి అనుకునేవాళ్లం.

షాపు పెట్టకముందు ఆయన రింగులో సైకిల్ తొక్కేవాడు. ఈ తరం వాళ్లలో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెబుతాను. ఊరి నడుమ ఖాళీ జాగాలో గుంజలు పాతి, తాడు కట్టి, మైకు పెట్టేవాళ్లు. ఆ తాడు లోపల ఒక మనిషి ఏడు రోజులు సైకిల్ దిగకుండా గుండ్రంగా తిరగాలి. తిండి, స్నానం, కునుకు అన్నీ దాని మీదే. కాలు నేలకు తగిలిందా, అప్పటిదాకా తొక్కిందంతా పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. చిట్యాల చుట్టుపక్కల మా పెద్దబాపు రింగు అంటే జనం సద్ది కట్టుకుని వచ్చేవాళ్లట. మా పెద్దమ్మది చిట్యాలే. చెంబుతో నీళ్లు తెచ్చి, సైకిల్ పక్కన ఉరుకుతూ ఆయనకు అందించిందట. పెళ్లి మాట అక్కడే మొదలైందని చెప్పుకుని ఇద్దరూ నవ్వేవాళ్లు.

నవ్వు రాని సంగతి ఒకటుంది. నేను డిగ్రీలో ఉండగా, నేలను ఎందుకు తాకుతావని పట్టుబట్టి అడిగితే చెప్పాడు. అవ్వ అని ఆయన అనేది తన తల్లిని.

"చిట్యాల రింగుల మూడో దినం, మా అవ్వకు పానం బాగలేదని కబురొచ్చింది. దిగుదమని బ్రేకు వట్టిన. రింగు వెట్టినోళ్లు ఉరికొచ్చిన్రు. 'నువ్వు దిగకు, మేం చూసుకుంటం' అన్నరు. సరే అని తొక్కిన. ఏడో దినం దిగినంక తెలిసింది, ఐదో దినమే మట్టి చేసిన్రని."

అరచెయ్యి నేలకు ఆనించాడు. తర్వాత, "గీ నేలలనే ఉన్నది గద బిడ్డా అవ్వ. దిగిన అని చెప్తున్న," అన్నాడు. ఆ చిట్యాల రింగు తర్వాత ఆయన మళ్లీ రింగు ఎక్కలేదు.

మూడేళ్ల కింద పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. దానికి తోడు ఒక భయం పట్టుకుంది. పెద్దబాపు కంటికి కనపడకపోతే గొంతు చించుకుని అరిచేది. పక్క సందులో దుకాణానికి పోయి వచ్చేలోపు మంచం మీద చెమటతో తడిసిపోయి ఉండేది. షాపు మూసేశాడు. పెద్దమ్మ మంచాన్ని కిటికీ పక్కకు జరిపి, ఆ కిటికీలోంచి కనపడేంత మేరకే తన లోకాన్ని కుదించుకున్నాడు. "జనగామ ఎట్లున్నది బిడ్డా?" అని ఫోనులో నన్ను అడిగేవాడు, సముద్రాల అవతల ఉన్న దేశం గురించి అడిగినట్టు. ఒక్కసారైనా సైకిల్ మీద కాళేశ్వరం దాకా పోవాలని ఆయన కోరిక. "తిరుగుడు గాదు, సీదా పోవాలె," అనేవాడు. అది కూడా మానేశాడు, అనడం.

నాకీ ఉద్యోగం రాకముందు రెండేళ్లు మలావీలో ఒక పల్లె బడిలో లెక్కలు చెప్పాను. ఆఫ్రికాలో సన్నగా, పొడుగ్గా ఉండే దేశం అది. ఆడపిల్లలు చాలా దూరం నుంచి నడిచి వచ్చేవాళ్లు. వానలు పడితే చాలామంది బడి మానేసేవాళ్లు. బడి దగ్గరే వాళ్లుండటానికి ఒక వసతి గది కట్టాలని అక్కడి టీచర్లూ మాలాంటి పాతవాళ్లూ కలిసి సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. మలావీ పై కొస నుంచి కింది కొస దాకా ఎంత దూరమో, అంత దూరం ఎవరి ఊళ్లో వాళ్లు తొక్కాలి. వాళ్లను చూసి తెలిసినవాళ్లు బడికి సాయం చేయాలి. ఈ వేసవి సెలవుల్లో రఘునాథపల్లి వచ్చినప్పుడు ఊరికే మాటల్లో చెప్పాను.

"గా పిల్లలు ఎంత దూరం నడుస్తరు?" అన్నాడు.

"ఇక్కడి నుంచి జనగామ పోయే తొవ్వల సగం దాకా."

"రోజూ?"

"రోజూ. రానుపోను."

సాసరు కింద పెట్టాడు. "ఎవలన్న తొక్కొచ్చా?"

"ఎవరైనా, ఎక్కడైనా తొక్కొచ్చు పెద్దబాపూ."

"అయితే నేను గీడనే తొక్కుత," అని కిటికీ బయటి ఖాళీ జాగా చూపించాడు.

బడికి సాయం అడగడానికి చిట్యాలకు ఫోన్ చేశాడు. చిన్నప్పుడు ఆయన రింగు చూసినవాళ్లు ఇప్పుడు అక్కడ పెద్దమనుషులు. "రింగు లెక్కనే తొక్కుతనంటే మేమున్నం అన్నా. కాలు కింద వెడితే మల్ల మొదటికే," అని నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు. సరే అన్నాడు. నలభై రోజులు, పొద్దు పొడిచినప్పటి నుంచి ఎండ ముదిరే దాకా. మొదట ఒక ఈల, చివర ఒక ఈల. ఈ రెంటి నడుమ కాలు నేలకు తగలకూడదు. ఈల నా మెడలో వేశాడు. తొక్కడం అయిపోగానే గోడ మీద సుద్దతో రోజుకొక గీత గీసేవాడు.

రింగు కిటికీ ముందు నుంచి పోయి, నీళ్లగది గోడ వెనక తిరిగి, మళ్లీ కిటికీ ముందుకు వచ్చేది. పెద్దమ్మ కళ్లు ఆయనతోపాటే కదిలేవి. గోడ వెనక ఆయన మాయమైన ఆ కాసేపు ఊపిరి బిగబట్టేది. సైకిలు కనపడగానే వదిలేది. రోజులు గడిచేకొద్దీ మట్టి అణిగి, గుండ్రటి దారి పడింది. ఎండకు ఆయన ముఖం నల్లబడిపోయింది. అరుగు మీద కూర్చుని ఆ తిరుగుడు చూస్తుంటే నాకు ఎటూ తేలేది కాదు. ఇక చాలంటే ఆ పిల్లల గది ఆగుతుంది. తొక్కమంటే ఈ మనిషి ఏమవుతాడో. ఆయన్ని మళ్లీ రింగులోకి ఎక్కించింది నేనే.

గోడ మీద ముప్ఫై గీతలు పడ్డాయి. ముప్ఫై ఒకటో రోజు ఆయన నీళ్లగది గోడ దాటుతుండగా లోపల ధడేల్‌మని చప్పుడైంది, వెంటనే పెద్దమ్మ అరుపు. మంచం మీంచి జారిపడింది. నేను లేచి లోపలికి ఉరుకుతూ, వెనక్కి తిరిగి అరిచాను.

"నువ్వు దిగకు పెద్దబాపూ, నేను చూసుకుంట!"

ఆ చిట్యాల కథ తెలిసీ అన్నాను. కథ తెలియనివాళ్లెవరో అని ఉంటే సర్దుకుపోవచ్చు. నా కళ్ల ముందు ఆ క్షణాన ముప్ఫై గీతలే ఉన్నాయి.

నేను గడప దాటకముందే బయట సైకిలు పడిన చప్పుడు వినపడింది. నన్ను పక్కకు నెట్టుకుని లోపలికి వచ్చాడు. నేలను తాకలేదు. సైకిల్ దిగి ఆయన నేలను తాకకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెద్దమ్మకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కింద కూర్చున్నాడు.

"నేనున్న గద, ఎందుకు దిగినవ్?" అన్నాను. అప్పటికీ బుద్ధి రాలేదు నాకు.

"గా మాట ఒకపారి విన్న బిడ్డా. సాలు," అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉన్నా బాగుండేది.

మర్నాడు తడిగుడ్డతో ముప్ఫై గీతలూ తుడిచి, తొక్కడం అయ్యాక ఒకటో గీత గీశాడు. నేను చాలా వాదించాను. మలావీ వాళ్లకు ఈ రింగు నియమం తెలవదు, తొక్కిన దూరం తొక్కినట్టే అన్నాను.

"చిట్యాలోళ్లకు తెలుసు. నాకు తెలుసు," అన్నాడు.

పదో గీత పడ్డాక సెలవులు అయిపోయి నేను వెళ్లిపోయాను. ఈల ఖాలా తీసుకుంది. రోజూ పొద్దున, "ఆజ్ కా హోగయా బేటీ," అని, ఆ రోజుది అయిపోయిందని నాకు ఫోను చేసేది. అట్లా ఎనిమిది ఫోన్లు వచ్చాయి. తొమ్మిదోది మీకు మొదట్లోనే చెప్పాను.

దినాలు అయిపోయాక మలావీలో మా వాళ్లకు సంగతంతా రాశాను. రెండు విడతలూ కలిపితే దూరం ఎప్పుడో పూర్తయిందని, గది పని మొదలుపెడతామని జవాబిచ్చారు. చిట్యాల పెద్దమనిషికి ఫోను చేసి ఆ మాట చెబితే, "మేం చేసేది చేస్తమమ్మా, నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు. పెట్టేసే ముందు ఒక మాట అడిగాడు. "రెండూ కలిపితే సాలని ఆయన అనుకుంటే, మల్ల మొదటికెల్లి ఎందుకు తొక్కినట్టమ్మా?"

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తప్పించుకునే దారి లేకుండా చేసింది అదే.

సెలవు పెట్టి పెద్దమ్మ దగ్గరే ఉన్నాను. ఆమె ఇప్పుడు అరవదు. పొద్దు పొడవగానే కిటికీ వైపు తిరుగుతుంది. చూపు రింగు వెంబడి మెల్లగా కదిలి, నీళ్లగది గోడ దగ్గరికి పోయి ఆగుతుంది. అక్కడే ఉండిపోతుంది. గోడ వెనక నుంచి ఎవరూ రారు. మొదటి రోజు అది చూడలేక బయటికి వచ్చేశాను. రెండో రోజు కిటికీ మూశాను. మూసిన తలుపుల్నే అట్లా చూస్తూ ఉంటే మళ్లీ తెరిచాను.

మూడో రోజు పంపు తీసుకుని ముందు టైరుకు మిగిలిన గాలి కొట్టాను. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పింది ఆయనే. గోడ మీద పద్దెనిమిది గీతలు, ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. నడుమ పెద్దమ్మ గొంతు వినపడితే దిగుతాను, గీతలు తుడిచి ఒకటి నుంచి మొదలుపెడతాను. ఖాలాకు అదే చెప్పాను. ఆమె తల ఊపి ఈల వేసింది.

వానకు మెత్తబడిన దారిలో చక్రం జారుతోంది. నీళ్లగది గోడ చుట్టి కిటికీ ముందుకు వచ్చాను. అక్కడే కాచుకుని ఉన్న పెద్దమ్మ చూపు నన్ను అందుకుని, నాతోపాటు కదిలింది. ఆమె ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచింది. వేళ్లు గుండ్రంగా వంచి, చెంబు పట్టుకున్నట్టు, కిటికీ ఊచల్లోంచి బయటికి చాచింది.