జీపు డ్రైవరుకి కంప్యూటర్ కేసెట్ ఇచ్చిన పుణ్యం

ఒక్క కేసెట్‌తో నిండు జీపును ఖాళీ చేసిన మొనగాణ్ణి నేను. నవ్వకండి, ఇద్దరైతే చెప్పులు కూడా వదిలేసి దూకారు.

తొంభైల మొదట్లో మాట. నేను చింతపల్లిలో పదో తరగతి. సీలేరు కాలనీలో మా మామయ్యకి రబ్బరు బటన్ల కంప్యూటర్ ఒకటుండేది. టీవీకి తగిలిస్తేనే పనిచేసేది. కరెంటు తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోయేది, అచ్చం నాలాగే! అందుకని కొట్టిన ప్రోగ్రాంను మామూలు పాటల కేసెట్‌లో దాచుకుని, మళ్లీ టేప్ రికార్డర్‌తో దానికి వినిపించాలి. దసరా సెలవులన్నీ తగలేసి, ప్రశ్నలడిగి మార్కులు వేసే ప్రోగ్రాం ఒకటి కొట్టాను. బడిలో సైన్సు ప్రదర్శనలో చూపిస్తానని హెడ్మాస్టరు గారి ముందు బోలెడు కోతలు కోశాను. కంప్యూటర్ ఒళ్లో, కేసెట్ జేబులో పెట్టుకుని చింతపల్లికి డ్రైవరు సన్యాసి జీపెక్కాను.

"జేబులో కేసెట్టేటి బాబూ, కొత్త పాటలా?" అన్నాడు సన్యాసి.

"పాటలు కాదు. కంప్యూటర్‌కి పాఠాలు."

"కేసెట్టులో పాఠాలేటి! అబద్దాలాడకు."

జీపంతా గొల్లుమంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు కంప్యూటర్ వస్తే ఘాట్ రోడ్డులో జీపు టేప్ రికార్డర్‌లో నా కేసెట్ పెట్టమన్నాను.

సరిగ్గా మలుపులో మొదలైంది. కీఁ... గర్‌ర్‌ర్... ఇనప మూకుడు గీకినట్టు!

"ఓలమ్మో! బ్రేకులు పోనాయి, బేగి దూకీయండి!" అంది మిరియాల బస్తా మీద కూర్చున్న ముసలమ్మ.

సన్యాసి బ్రేకు తొక్కి ఆపేసరికి జనమంతా రోడ్డు మీదున్నారు. ఇంజిను ఆపేశాడు. కీచు ఆగలేదు.

"ఇంజినాపినా అరుత్తందేటిరా దేవుడా!" అని తల పట్టుకున్నాడు.

"సన్యాసీ, అది నా కేసెట్! ప్రోగ్రాం అలాగే అరుస్తుంది!"

"నాను సచ్చాననే అనుకున్నాను గదరా గుంటడా!" అంటూ కేసెట్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టేపంతా సేమ్యాలా బయటికొచ్చింది. అంతమంది ముందు భోరున ఏడ్చేశాను.

సన్యాసి మెత్తబడ్డాడు. "ఊరుకో బాబూ. ఇదిగో, నా పాటల కేసెట్టు ఒట్టుకుపో."

ప్రదర్శనలో హెడ్మాస్టరు గారు నెత్తిమీద నిలబడ్డారు. "ఊఁ, కానీ!" అన్నారు. చేసేది లేక సన్యాసి కేసెట్టే పెట్టి బటన్ నొక్కాను. టేప్ రికార్డర్ పాటందుకుంది. దాన్ని కంప్యూటర్ ఏమనుకుందో ఏమో, దరువుకి తగ్గట్టు టీవీ అంచుల్లో రంగు రంగుల చారలు గంతులేశాయి!

హాలంతా చప్పట్లు.

"శభాష్! కంప్యూటర్ చేత పాట పాడించావురా!" అన్నారు హెడ్మాస్టరు గారు.

"అయ్యో సార్, పాడేది టేప్ రికార్డరండీ! నా ప్రోగ్రాం పోయింది. ఇది జీపు సన్యాసి కేసెట్!"

"చూశారా ఆ వినయం!" అని ఆయన నా వీపు తట్టి మొదటి బహుమతి ప్రకటించారు.

ఆ క్షణమే కొండదేవత సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: జీపు డ్రైవరుకి కేసెట్ ఇవ్వను, హెడ్మాస్టరుకి నిజం చెప్పను!