సంచి వెనకవైపే చదివాను

ముప్ఫై నాలుగేళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన వార్తకి మర్నాడు ‘సవరణ’ వేయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఈ సంగతి మా ఆవిడ సుభద్రకి కంఠతా వచ్చు. మా వీధిలోనూ చాలామందికి వచ్చు, నేనే చెప్పాను కాబట్టి. అలాంటి నేను రిటైరై, అమలాపురంలో మా వీధి వాట్సాప్ గ్రూపులో, అందరూ చూస్తుండగా, పోయిన నెల సవరణ పెట్టుకున్నాను! అదీ కుక్క మేత మీద. టీ తాగుతూ వినండి గానీ, మధ్యలో ఒకచోట గ్లాసు కింద పెట్టాల్సి వస్తుంది. ఎక్కడో నేను చెప్పను.

పక్కింటి రూతమ్మ టీచరుగారికి చింటూ అని ఒక కుక్క ఉంది. లాబ్రడార్ అని చెప్పి ఇచ్చారట. పెరిగేకొద్దీ అది వేరే నిర్ణయానికి వచ్చింది. మంచి కుక్కే. రెండు నెలలుగా ఒకటే గోక్కోవడం, వీపు మీద అరచేతి మేర జుట్టు ఊడిపోయింది. పశువుల డాక్టరుగారు చూసి, చికెన్ పడటం లేదేమో, అది లేని మేత వేసి చూడమన్నారు. టీచరుగారు షాపుకెళ్లి మూడు రకాల సంచులు తెచ్చుకుని, తిన్నగా మా వరండాలోకి వచ్చారు.

“అన్నయ్యగారండీ, ఈ సన్నక్షరాలు నాకు ఆనవండి. మీరు పేపరు మనిషి. మీరు ఏది వెయ్యమంటే అదే వేస్తానండి,” అన్నారు. సంచులు బల్ల మీద పెడుతూ, “ఆయన పోయేక ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటేనండి,” అన్నారు.

ఆ రెండో మాట వినకపోతే నేను ఇంత లోతుకి దిగేవాణ్ని కాదు.

నాకో సిద్ధాంతం ఉంది. సంచి ముందువైపు ప్రకటన, వెనకవైపు వార్త. ముందువైపు మెరిసే బొచ్చుతో ఒక కుక్క, దాని పక్కన కోడి కాలు, ఆకుకూరలు. అవి చూశామా, బుద్ధి పక్కదారి పడుతుంది. కాబట్టి ముందువైపు నాకు చూపించనే వద్దన్నాను. సుభద్ర వెనకవైపు లేబుళ్లు కత్తెరతో కోసి, ఎ, బి, సి అని గుర్తులు పెట్టి ఇచ్చింది. మేత మూడు డబ్బాల్లో పోసింది.

“కుక్క మేతకి పరీక్షల బోర్డు పెట్టేరా?” అంది.

“నిష్పాక్షికత,” అన్నాను.

భూతద్దం తీసుకుని కూర్చున్నాను. చెప్పుకోకూడదు గానీ, ఆ సాయంత్రం నా పని చూసి నాకే ముచ్చటేసింది. లేబుల్ మీద సరుకులు బరువు ప్రకారం వరసగా రాస్తారు, ముందున్నది ఎక్కువ, చివరున్నది చిటికెడు. ‘ఎ’ లో మొదట మొక్కజొన్న, మూడోది మొక్కజొన్న గ్లూటెన్, అయిదోది మొక్కజొన్న పిండి. ఒకే ఇంటివాళ్లు మూడు రేషన్ కార్డులు తీసుకున్నట్టు! మూడూ కలిపితే సంచి వాళ్లదే. చివర్లో ‘చికెన్ ఫ్లేవర్’. అంటే ఆ ఊరి మీదుగా ఒక కోడి ఎప్పుడో నడిచి వెళ్లిందని అర్థం. పిండిపదార్థం ఎంతో లేబుల్ మీద రాయలేదు. రాయకపోతే తీసివేత ఉంది. ప్రొటీన్ ఇరవై, కొవ్వు పది, పీచు అయిదు, తేమ పది. బూడిద, అంటే ఖనిజ లవణాలు, ఎంతో లేదు, ఎనిమిది వేసుకున్నాను. వందలోంచి తీసేస్తే నలభై ఏడు. దాదాపు సగం సంచి పిండే!

‘సి’ లో ‘జంతు సంబంధ ఉత్పత్తులు’ అని ఉంది. ఏ జంతువు? చెప్పరు. మా డెస్కులో దీన్ని ‘విశ్వసనీయ వర్గాలు’ అనేవాళ్లం. కొట్టేశాను.

‘బి’ పరవాలేదు. సముద్రపు చేప, బియ్యం, చేపనూనె. చికెన్ మాటే లేదు. కానీ పరవాలేదు అనిపించేదాంతో ఆగే అలవాటు నాకు లేదు. అప్పుడు గుర్తొచ్చాడు మా బావమరిది సత్తిబాబు.

సత్తిబాబుకి కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద షెడ్డు, షెడ్డు దగ్గర రెండు నల్ల కుక్కలు. నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటాయి. ఫోన్ చేశాను.

“సత్తిబాబూ, మీ షెడ్డు దగ్గర కుక్కలు ఏం తింటున్నాయి?”

“మేతేనండి బావగారూ.”

“అన్నం కాదా?”

“అన్నముంటే అన్నమండి. మేతంటే మరీ ఇష్టం. సంచి విప్పితే చాలు, పరిగెట్టుకొచ్చేస్తాయండి.”

“ఆ సంచి వెనక లేబుల్ ఫోటో పంపు. ముందువైపు వద్దు. ఒక కేజీ మేత కూడా పంపు.”

“ముందువైపు ఎందుకొద్దండి?”

“అది ప్రకటన.”

“ఆయ్,” అన్నాడు. ఆ ‘ఆయ్’ లో కాస్త అనుమానం ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో లేబుల్ ఫోటో, బస్సులో మేత కవరు వచ్చాయి. ‘డి’ అని రాశాను. చదివాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! మొదటి సరుకే చేపపొడి. ప్రొటీన్ ముప్ఫై ఆరు. చికెన్ ఛాయలే లేవు. స్క్విడ్ పొడి కూడా వేశారు, కుక్కల కోసం అంత సముద్రం గాలించినవాళ్లని ఏమనాలి? కొవ్వు అయిదే. చింటూకి నడుము ఎక్కడుందో తెలియని పరిస్థితి కాబట్టి అదీ మంచిదే. సరుకుల్లో ‘కొలెస్ట్రాల్’ అని విడిగా రాశారు. ఏ కంపెనీ అయినా తన సరుకులో కొలెస్ట్రాల్ ఉందని తానే చెప్పుకుంటుందా? నిజాయితీ అంటే అది! అన్నిటికన్నా కింద ‘నీటిలో రెండు గంటలు చెక్కుచెదరదు’ అని ఉంది. మన వానలకి గిన్నె వాకిట్లో ఉన్నా భయం లేదని రాసుకున్నాను.

ఎ, బి, సి మూడింటి మీదా ‘పెద్ద కుక్కలకు సంపూర్ణ సమతుల ఆహారం’ అనే వాక్యం ఉంది. ‘డి’ మీద లేదు. గొప్పలు చెప్పుకోని సంస్థ అనుకున్నాను.

మేత చూస్తే విరిచిన సేమియాలా సన్నగా ఉంది. ‘నమలడానికి సులువు.’

టీచరుగారికి డబ్బా ఇచ్చి, ఆ మధ్యాహ్నమే ‘మన వీధి కుక్కలకు ఏ మేత మేలు?’ అని గ్రూపులో వ్యాసం పెట్టాను. నాలుగు రకాలు, సరుకులు, అంకెలు, తీసివేతలు. ‘డి’ కి ప్రథమ స్థానం. అరగంటలో పదకొండు చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఎదురింటి సూర్యంగారైతే, “ఇలాంటి వ్యాసం పత్రికల్లో ఎందుకు రాదండీ?” అని అడిగారు. పత్రికల్లో నేను లేను కాబట్టి, అని సమాధానం రాసి, మర్యాద కాదని చెరిపేశాను.

మూడో రోజు టీచరుగారు గోడ మీంచి పిలిచారు.

“అన్నయ్యగారండీ, చింటూ గిన్నె నాకేస్తున్నాడండి. తోక ఆగట్లేదు.”

“నేను చెప్పలా!”

“కానీ పిల్లులొస్తున్నాయండి.”

“ఎన్ని?”

“నిన్న నాలుగండి. ఇవాళ లెక్కెట్టలేదు. గేటు మీద కూర్చుని చింటూ నోరే చూస్తున్నాయండి.”

“మంచి సరుక్కి గిరాకీ ఉంటుందండీ,” అన్నాను.

సుభద్ర ముక్కు ఎగబీల్చి, “ఏవండీ, టీచరుగారింటి వైపు నుంచి మా తమ్ముడి చెరువుగట్టు వాసన వస్తోంది,” అంది. చేపనూనె నాణ్యత గురించి ఆమెకి పది నిమిషాలు చెప్పాను.

ఆ ఆదివారం సత్తిబాబు వచ్చాడు. వ్యాసం పెట్టిన రోజే ఫోన్ చేసి ఒక సంచి కావాలన్నాను, నిండు సంచే బండి మీద కట్టుకొచ్చాడు. టీచరుగారు చింటూని పట్టుకుని మా వరండాలోనే ఉన్నారు. సూర్యంగారు కూడా తమ కుక్కకి వాటా అడగడానికి వచ్చారు. సత్తిబాబు సంచి దింపి, దులిపి, మర్యాదగా ముందువైపు మా వైపుకి తిప్పి నిలబెట్టాడు.

అంత పెద్ద రొయ్యని నేను బొమ్మలో కూడా ఎప్పుడూ చూడలేదు. ఎర్రగా, మీసాలు సంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా చాచి, మా అందరి వైపు చూస్తోంది.

(గ్లాసు కింద పెట్టమన్నది ఇక్కడ.)

చింటూ ఒక్కడే సంచి దగ్గరికెళ్లి రొయ్య మీసాన్ని ఆప్యాయంగా నాకాడు.

“సత్తిబాబూ... ఇది రొయ్యల మేత!”

“మరేంటండి బావగారూ? నా దగ్గర వేరే మేతెందుకుంటుందండి?”

“కుక్క మేత అడిగాను నేను!”

“లేదండి. మా కుక్కలు ఏం తింటున్నాయని అడిగేరు. సంచి అడుగున మిగిలింది, చెమ్మెక్కింది వాటికే వేస్తామండి. అదే చెప్పేను. ముందువైపు వద్దని మీరే అన్నారు.”

అడిగినదానికి కచ్చితంగా జవాబు చెప్పినవాణ్ని తిట్టడానికి లేదు. ప్రశ్న సరిగ్గా వేయకపోవడం విలేకరి తప్పే.

టీచరుగారి మొహం పాలిపోయింది. “అన్నయ్యగారండీ, చింటూకి ఏమన్నా అవుద్దాండీ?”

అప్పటిదాకా నాకు సిగ్గే. ఆ మాటతో సిగ్గు మర్చిపోయాను. డాక్టరుగారికి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, ఒక్క అంకె దాచకుండా చెప్పాను. అటునుంచి చాలాసేపు దగ్గు వినిపించింది. దగ్గు కాదని తర్వాత తెలిసింది.

“నాలుగు రోజులకి కంగారేం లేదండి, ఆపెయ్యండి. దాంట్లో ఉప్పూ, లవణాలూ, విటమిన్లూ రొయ్య లెక్కకి వేస్తారు గానీ కుక్క లెక్కకి కాదు. ప్రొటీన్ ఎంతున్నా సరే, కుక్కలకి సంపూర్ణ ఆహారం అనే వాక్యం ముందు చూడాలండి. ఆ మూడు సంచుల మీదా ఉండే ఉంటుందిగా?”

“ఉందండి,” అన్నాను. “గొప్పలనుకున్నాను.”

మళ్లీ దగ్గు. “మీ ‘బి’ బావుందండి. అది వెయ్యండి.”

టీచరుగారు చింటూ మెడ చుట్టూ చెయ్యేసి, గట్టిగా ఊపిరి వదిలి, అప్పుడు నవ్వడం మొదలెట్టారు. పావుగంట నవ్వారు. నేను అడ్డుపడలేదు. ఆవిడ నవ్వు ఆ గోడ అవతల నుంచి విని చాలా కాలమైంది.

ఇక మిగిలింది నా పని. తప్పు చేసినవాడు మెసేజ్ డిలీట్ చేసుకుంటాడు, పత్రికవాడు సవరణ వేస్తాడు. వేశాను.

‘సవరణ: ఈ గ్రూపులో వచ్చిన మేత వ్యాసంలో, డి రకం గురించి రాసిన భాగంలో కుక్క అని ఉన్న ప్రతిచోటా రొయ్య అని చదువుకోగలరు. అంకెలన్నీ సరైనవే. పొరపాటుకు చింతిస్తున్నాం.’

సుభద్ర ఆ వ్యాసం తీసి, సవరణ ప్రకారం పైకి చదివింది. “‘రొయ్య రోజూ ఎంత దూరం వాకింగుకి వెళ్తుందో చూసుకుని మేత పెంచాలి.’ బావుంది. ‘మేత నచ్చితే రొయ్య వచ్చి మీ ఒడిలో తల పెట్టుకుంటుంది.’ ఏవండీ, ఇది మా తమ్ముడికి చెప్పారా?”

చెప్పక్కర్లేకపోయింది. సత్తిబాబు సవరణతో సహా వ్యాసాన్ని వాళ్ల రొయ్యల రైతుల గ్రూపులో పెట్టాడు. రెండ్రోజుల్లో ఎవరో ఫోన్ చేశారు. “రొయ్యల మేత సరుకులు ఇంత విడమరిచి ఎవరూ రాయలేదండి, ఆయ్. ఆ వాకింగు సంగతొక్కటే అర్థం కాలేదండి.”

చింటూ ఇప్పుడు ‘బి’ తింటున్నాడు. గోకుడు తగ్గింది, వీపు మీద కొత్త బొచ్చు వేలెడంత మేర మొలిచింది. ఆ ‘బి’ ని రెండో స్థానంలో నిలబెట్టింది ఎవరు? నేను. వీధిలో ఇప్పటికీ మేత సంచులు నా దగ్గరికే వస్తాయి, ఆ విషయం ఎవరూ కాదనలేరు. నా సిద్ధాంతం కూడా మారలేదు. సంచి ముందువైపు నేను చూడను.

సుభద్ర చూస్తుంది. చూసి, వరండాలోంచి లోపలికి కేకేస్తుంది: “ఏవండీ, కుక్క బొమ్మే ఉంది. రాసుకోండి!”