చర్చి మెట్టు కింది హద్దురాయి

2016 ఏప్రిల్‌లో నన్ను నారాయణపేట వైపు ఒక మండలానికి సర్వేయరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు రెండేళ్లే మిగిలాయి. భూమి కొలిపించుకోవడానికి వచ్చే ప్రతివాడికీ పక్కవాడి జాగా మీద ఒక కన్ను ఉంటుందని అప్పటికే నాకు గట్టి నమ్మకం. మా శాఖలో దీన్ని అనుమానం అనరు, అనుభవం అంటారు.

మే మొదట్లో సువార్తమ్మ అనే పెద్దామె దరఖాస్తు పట్టుకొని వచ్చింది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఊరి చర్చిలో సంఘ పెద్ద. సంఘం తరఫున సంతకం పెట్టే అధికారం ఆమెదే. చర్చి ప్రహరీ పక్కనున్న ఖాసింబీ చేనులోకి జరిగిందనీ, కొలిచి ఎంత వెనక్కి తీయాలో చెప్పమనీ అందులో ఉంది. ఖాసింబీకి భర్త లేడు. గోడ అడ్డం రావడంతో ఆమె చేనుకు బాట పోయింది. ట్రాక్టరు లోపలికి రాదు, చేను బీడు పడింది. మృగశిర కార్తె లోపల గోడ తీస్తే ఈ ఏడైనా దున్నుకుంటుందని సువార్తమ్మ చెప్పింది.

దరఖాస్తు రెండుసార్లు చదివాను. తన హద్దు తప్పని తానే రాసిచ్చిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. ఇటు కొంచెం వదిలినట్టు వదిలి, అటు రోడ్డు పక్క సర్కారు జాగా కలుపుకునే ఎత్తు కావచ్చు. సంఘంవాళ్లంతా ఒప్పుకున్నారా అని అడిగాను.

"అందరొప్పుకునేదాంక ఆగితే ఖాసింబీ సచ్చిపోతది సారూ," అంది. ఆ జవాబుతో నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

కొలతకు ముందు పక్క పట్టాదారులకు నోటీసు ఇవ్వాలి. దానికి వారం చాలు. నేను నోటీసు రాయకుండా ఫైలు సొరుగులో పెట్టి, ఆ ఊరి చాయ్ హోటల్లో కూర్చుని ఆరా తీశాను. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే బాగా దాచారనుకున్నాను.

జూన్ నెలాఖరుకు నోటీసు పంపితే ఖాసింబీ వేలిముద్ర వెయ్యనంది. "గీ చారెడు జాగ గూడ గుంజుకుంటరా?" అని, నోటీసు పట్టుకెళ్లిన, మాకు కొలత గొలుసు పట్టే చైన్‌మ్యాన్ మీదికి లేచింది. ఆమెను తప్పుపట్టలేను, అనుమానంలో నాదీ ఆమెదీ ఒకటే బుద్ధి. చివరికి సువార్తమ్మ వెళ్లి నచ్చజెబితే వేసింది.

జూలైలో వానల మధ్య కొలిచాం. ఆ సర్వే నంబరు పాత కొలతల పటాన్ని టిప్పన్ అంటాం. దాని ప్రకారం చర్చి మూల దగ్గర ఒక హద్దురాయి ఉండాలి. లేదు. నేను మనసులో కేసు రాసేస్తుండగా సువార్తమ్మ నన్ను చర్చి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది.

"గీ మెట్టు లేపుండ్రి," అంది.

లేపితే అడుగువైపు సర్వే గుర్తు చెక్కి ఉంది. గోడ కట్టిననాడు సువార్తమ్మ భర్తే దాన్ని పీకి మెట్టుగా వేశాడట.

"నాకు ఎర్కనే సారూ. లోపల పాస్టరు న్యాయం గురించి చెప్తాంటే ఇన్న. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దీని మీదనే కాలు పెట్టిన. ఆయన పోయిండు, ఇగ నేను గూడ గిట్లనే పోవాల్నా?"

నాకు సిగ్గేసింది. సంఘంలో చాలామంది ఆమెతో మాట మానేశారు. అయినా గోడ ఆ వారంలోనే తీసి ఎనిమిదడుగులు లోపలికి కట్టించింది. రాయిని దాని చోట నేనే పాతించాను. రోడ్డు వైపు ఎవరూ అడుగు కూడా జరపలేదు. రిటైరయ్యేదాకా అటుగా పోయినప్పుడల్లా నేను చూస్తూనే ఉన్నాను.

విత్తే అదను మాత్రం దాటిపోయింది. బాట వచ్చినా ఖాసింబీ చేను ఆ ఏడూ బీడే.

దరఖాస్తు వెనక మతలబు ఉంటే కొలతలో బయటపడుతుంది, కొలత ఆపితే కాదు. నేను నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత ఏ నోటీసునూ వారం దాటనివ్వలేదు.

నివేదికలో ఆలస్యానికి కారణం రాయాలి. "వర్షాలు" అని రాశాను. మొదటి వాన పడేనాటికే ఫైలు నా సొరుగులో నెల దాటింది. సువార్తమ్మ చనిపోయిన భర్త తప్పును తన సంతకంతో ఒప్పుకుంది. నా నివేదిక కింద నా సంతకం ఇప్పటికీ అలాగే ఉంది.