చెలమ నీళ్ల పానకం

బేతంచెర్ల దగ్గర మా ఊరి ఏరు వానాకాలంలో కొన్ని వారాలు పారితే అదే గొప్ప. ఈ మాట చెబితే కర్నూలులో మా ఆఫీసువాళ్లు అయ్యో పాపం అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లుంటేనే ఏరని వీళ్లకు ఎవరు చెప్పారో! మా ఏరు ఎండినప్పుడే మాతో ఎక్కువ కలిసి ఉంటుంది. ఇసుకలో దోసపాదులు పెడతారు. ఊళ్లో తగవు వస్తే రెండు వర్గాలవాళ్లూ ఇసుకలోనే కూర్చుని మాట్లాడుకుంటారు, అది ఎవరి వాకిలీ కాదు కాబట్టి. పోయినవాళ్లకు పదోనాడు కర్మ చేసేదీ, పీర్ల పండగ చివరిరోజు పీర్లు వెళ్లేదీ అక్కడికే.

అన్నిటికంటే నాకు గుర్తున్నది చెలమ. మా అమ్మ, నేను, చెల్లెలు పొద్దున్నే వెళ్లి ఇసుకను చేతులతో తోడేవాళ్లం. మోచేతి లోతుకు తడి తగులుతుంది, ఇంకాస్త తోడితే నీళ్లు ఊరతాయి. మొదట ఊరిన మడ్డినీళ్లు పారబోసి, తేటనీళ్లు వచ్చేదాకా కూర్చోవాలి. ఆ కూర్చున్నంతసేపూ ఊరి ఆడవాళ్లు అత్తల మీద, మొగుళ్ల మీద ఉన్న కోపమంతా అక్కడే కక్కేసి, బిందె నెత్తిన పెట్టుకుని నిమ్మళంగా ఇంటికి వెళ్లేవాళ్లు. ఇంటింటికీ కొళాయి వచ్చాక బిందెలు నిండాయి గానీ, ఆ మాటలు చెప్పుకునే చోటు మాత్రం పోయింది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెండ్లికి వచ్చిన మగపెళ్లివారికి గుమ్మం ముందు పానకం ఇస్తాం. అది చెలమ నీళ్లతోనే కలపాలి. ఆ చెలమను పెండ్లికూతురే తీయాలి. కాబోయే మామ ఆ పానకం తాగాకే లోపల అడుగుపెట్టాలి. మా ఏటి నీళ్లు తాగితే ఆయన మా మనిషైనట్టు.

పోయిన ఎండాకాలం మా చెల్లెలి కూతురి పెండ్లి. బీటెక్ చదివిన పిల్ల ఇవన్నీ పట్టించుకోదేమో అనుకున్నాను. "చెలమ నీళ్లు లేకుంటే నేను పీటల మీద కూర్చోను పెద్దమ్మా" అంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పెండ్లికి ముందురోజు పొద్దున మా అమ్మ, చెల్లెలు, దాని మొగుడైన మా మరిది, నేను పిల్లను వెంటబెట్టుకుని, బిందె, పసుపు కుంకుమ తీసుకుని ఏటికి వెళ్లాం.

ఇసుక కనపడలేదు. బండలు కోసి పాలిష్ పట్టేటప్పుడు వచ్చే తెల్లటి బురదను ఏటి నిండా పోసేశారు. అది ఎండి పెచ్చులు కట్టింది. పిల్ల కొంగు దోపుకుని, పెచ్చులు పగలగొట్టి తోడడం మొదలుపెట్టింది. నీళ్లు ఊరాయి. సున్నం కలిపినట్టున్నాయి. పారబోసింది. మళ్లీ అవే ఊరాయి. ఎంతసేపు కూర్చున్నా తేరుకోలేదు.

"క్యాన్ నీళ్లు తెప్పిస్తా, ఎవరికి తెలుస్తాది?" అన్నాడు మా మరిది. ఆయన నా మొహం చూడకుండా ఆ మాట అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

అంతలో ట్యాంకరు కట్టిన ట్రాక్టరు ఏట్లోకి దిగింది. మా అమ్మ దానికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఏమప్పా, యాడ పోస్తాండావు దాన్ని?"

"ఈడనే గదమ్మా. ఏరు ఎండిపోయిండాది గదా" అన్నాడు డ్రైవరు.

"ఎవరి ఫ్యాక్టరీ?"

డ్రైవరు పెండ్లికూతురి వైపు చూసి ఇబ్బంది పడ్డాడు. "మీకు తెల్దా అమ్మా? మీ కొత్త వియ్యంకులదే గదా."

సంబంధం కుదిరినప్పుడు బండల వ్యాపారం అన్నారు, మంచిదే అనుకున్నాం. వాళ్ల బురద ఎక్కడికి పోతుందని మాలో ఎవరికీ అడగాలనిపించలేదు. మరిదికి మాత్రం తెలుసు. "ఎండిన ఏటిని పట్టుకుని పెండ్లి చెడగొట్టుకుంటామా?" అన్నాడు. ఎండిన ఏరట! వాళ్ల నాయన కర్మ ఈ ఏట్లోనే చేసిన మనిషి ఆ మాట అంటుంటే నాకు చెంప పగలగొట్టాలనిపించింది. పిల్ల ఆ తెల్లనీళ్లనే బిందెలో నింపుకుంది. మా అమ్మ ఆ బిందెకు పసుపు రాసి, బొట్టు పెట్టింది.

మరునాడు మేళంతో మగపెళ్లివారు గుమ్మం ముందుకు వచ్చారు. అందరికీ క్యాన్ నీళ్ల పానకమే. మా అమ్మ ఒక్క గ్లాసు మాత్రం వేరుగా కలిపి వియ్యంకుడి చేతిలో పెట్టింది. బెల్లం వేసినా ఆ తెలుపు పోలేదు.

"ఏమ్మా, మజ్జిగ ఇస్తాండారా?" అని నవ్వాడాయన.

"పానకమేనప్పా. మన ఏట్లో చెలమ నీళ్లు. మీ కోడలే తోడుకొచ్చింది. తాగండి."

ఆయన గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. అడుగున పేరుకున్న తెల్లమడ్డి ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నవ్వు పోయింది. మేళం ఆగింది. బంధువులంతా ఆయన చేతినే చూస్తున్నారు. తాగలేక, పక్కన పెట్టలేక, ఆయన అటూ ఇటూ చూశాడు.

లోపల ఉండాల్సిన పెండ్లికూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"యాడ పారబోయాలని చూస్తాండారు మామా? ఏరుండాది కదా."