పాకలో గేదె లేదు

మా సంఘం పుట్టింది గేదెల పాకలో. ఇప్పుడు మందిరానికి పాలరాతి నేల, ఏసీలు, వేదిక వెనక గోడంత తెర ఉన్నాయి. ఆదివారం రెండు ఆరాధనలు జరుగుతాయి. భీమవరం రోడ్డులో రొయ్యల మేత గోడౌను దాటాక ఆటోవాళ్ళు ‘చర్చి స్టాపు’ అని అరిచేది మా గేటు దగ్గరే. ఆ పాకలో మొదటి ప్రార్థనకు కూర్చున్నవాళ్ళలో ఇవాళ మిగిలింది ఒక్క మామ్మ. నాకు చుట్టమేం కాదు, మా వీధిలో అందరికీ ఆవిడ మామ్మే. పాక ఆవిడదే.

నేను ఏడో తరగతిలో బడి మానేసి, కొన్నాళ్ళు అవీ ఇవీ చేసి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పనిలో కుదిరాను. చదువు అబ్బలేదు గానీ నోరు అబ్బింది. ఎవరు ఎలా నడుస్తారో, ఎలా తుమ్ముతారో, ప్రార్థనలో ఎక్కడ గొంతు వణికిస్తారో చేసి చూపించేవాణ్ణి. సంఘాన్ని నిలబెట్టిన పాస్టరుగారిని మేము పెద్ద అయ్యగారు అనేవాళ్ళం. ఆయన నన్ను పట్టుకుని, “నీ నోరు దేవుడికియ్యరా, లేకపోతే సైతాను అద్దెకి తీసుకుంటాడు” అనేవారు.

“అడ్వాన్సు ఎంతిస్తాడండీ?” అనేవాణ్ణి. ఆయన నవ్వేవారు. అందరూ నవ్వేవారు. నాకు అదే జీతం.

ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. అందరికన్నా ముందు మామ్మ లేచేది. కొంగు తల మీదికి లాక్కుని, “ఒక్క మాట చెప్పి కూచుంటానయ్యా” అనేది. ఆ ఒక్క మాట అరగంట పట్టేది. వారం వారం అదే మాట. పెనిమిటికి పచ్చకామెర్లు ముదిరాయి, ఆస్పత్రివాళ్ళు చేతులెత్తేశారు. సైకిలు మీద ఊరూరా తిరిగే అయ్యగారు వచ్చి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశారు. కొన్నాళ్ళకు మనిషి లేచి గంజి తాగాడు. లేచాక చేసిన మొదటి పని పాక ఊడ్చి, అయ్యగారిని ప్రార్థన అక్కడే పెట్టుకోమనడం. మొదటి ఆదివారం వచ్చింది ఆరుగురు.

ఈ దారిలో మామ్మ ఎన్ని సందులు తిరిగేదో. ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మం వైపు చూసేవారు. నేను మాత్రం ఆవిడ దీర్ఘాలు, దగ్గులు, కొంగు సర్దుకునే తీరు శ్రద్ధగా పట్టేవాణ్ణి. రాగం మొత్తం నేర్చుకున్నాను. మాటలు వినలేదు.

పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది. తర్వాత శ్లాబు వేయాలనుకున్నాం. ఆడవాళ్ళు పూటపూటా అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం తెచ్చి ఇచ్చేవారు. ఫ్యాక్టరీలో పని దిగాక మేము ఇసుక మోసేవాళ్ళం. ఆ రోజుల్లో నేను మంచివాణ్ణేనని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మరీ బాధ.

శ్లాబు పడిన ఏడు క్రిస్మస్ కార్యక్రమానికి సంఘం పుట్టుక మీద నాటిక వేద్దామన్నాను. మామ్మ వేషం నాది. మా అమ్మ చీర కట్టుకుని, “ఒక్క మాట చెప్పి కూచుంటానయ్యా” అనేసరికి జనం ఈలలు వేశారు. గేదెల పాక అన్నాక గేదె లేకపోతే ఎలా? ఫ్యాక్టరీలో నా జతగాడికి నల్ల దుప్పటి కప్పి, కొబ్బరితాడు తోక కట్టాను. పాస్టరు వేషగాడు “ఆమెన్” అన్నప్పుడల్లా గేదె అరవాలి. పెద్ద అయ్యగారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మామ్మ ముందు చాప మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎప్పటిలాగే మామ్మ లేచింది. “ఒక్క మాట...” అందో లేదో, కుర్రాళ్ళ వైపు నుంచి గేదె అరుపు వినిపించింది. అరిచింది నా జతగాడు. మోచేత్తో పొడిచి అరిపించింది నేను. మందిరమంతా ఘొల్లుమంది.

“సర్లెండయ్యా, అందరికీ తెలిసిందేగా” అని మామ్మ కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. ఇక ఆదివారాలు ఇంటికి తొందరగా వెళ్ళొచ్చని ఆ రోజు సంతోషించాను.

నాటిక మాత్రం ప్రతి ఏడూ వేశాం. మేము పెద్దవాళ్ళమయ్యాక సండే స్కూలు పిల్లలు అందుకున్నారు. గేదెకు అట్టముక్కల కొమ్ములు వచ్చాయి. పిల్లలు దేవదూత వేషం వద్దని గేదె వేషం కోసం కొట్టుకుంటారు.

పెద్ద అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళాక వాళ్ళబ్బాయి పాస్టరయ్యారు. ఆయన ఈ ఏడు సంఘం వార్షికోత్సవానికి నాటికతో పాటు సంఘ చరిత్ర తెర మీద కూడా చూపిద్దామన్నారు. “మామ్మగారే చెప్తే బావుంటుందండి. మీరైతే నవ్వించి మాట్లాడిస్తారు” అని నన్ను పంపారు.

మామ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది.

“ఏంట్రా, ఆ ఫోను నా మొహమ్మీద పెడతన్నావ్?”

“నిన్ను సినిమాలో ఏత్తన్నాం మామ్మా.”

“ఈ వయసులో హీరోయిన్నా? పక్కన హీరో ఎవరంట?”

“నేను లేనా?”

“నువ్వా! అద్దంలో చూసుకుని చాలా రోజులైనట్టుంది.”

“సర్లే, ఆ గేదె సంగతి చెప్పు. ప్రార్థనప్పుడు నిజంగా అరిచేదా?”

చేట ఆగింది.

“గేదెక్కడుందిరా? మీ తాత మందులకి అమ్మేశాంగా. అదుంటే పాక ఖాళీ ఎలాగవుద్ది? మనుషులెక్కడ కూచుంటారు?”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“చెప్పలేదా! ఆదివారం ఆదివారం చెప్పేదాన్నిగా.” కోపంగా అనలేదు. “చూడి గేదె. పలుపు నా చేత్తోనే ఇచ్చాను. ఆ ఖాళీ గుంజని చూళ్ళేకే మీ తాత అయ్యగార్ని అక్కడ కూచోమన్నాడు.”

“ఇదే చెప్పు మామ్మా, ఫోన్లో పడద్ది.”

“నేను చెప్తే నవ్వుతార్రా. నువ్వే చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు.” మళ్ళీ బియ్యంలోకి వంగింది.

నాటికలో గేదెను తీసేయమని పాస్టరుగారిని అడిగాను. “పిల్లలు నెలరోజులుగా ప్రాక్టీసు చేశారండి, ఏడుస్తారు. నాటిక అయ్యాక అసలు సంగతి మీరు చెప్పేయండి” అన్నారు.

వార్షికోత్సవం రోజున చెప్పాను. పిల్లలు దిగిపోయారు, మైకు నా చేతికి వచ్చింది. “ఆ పాకలో గేదె లేదండి” అన్నాను. హాలంతా నవ్వింది. “నిజంగానండి, మందులకి అమ్మేశారు” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. మొహం బిగించాను. జోకు వేసే ముందు ఆ మొహమే పెడతానని మా వాళ్ళందరికీ తెలుసు.

మెట్లు దిగి, ముందు వరసలో ఉన్న మామ్మకు మైకు అందించాను. ఆవిడ దాన్ని అరచేత్తో పక్కకు నెట్టి, “పోన్లేరా, కూచో” అంది. వెనక ఎవరో పగలబడి నవ్వుతూనే ఉన్నారు. మైకు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.